గోకుతున్న గొర్రెపిల్ల

కాపరిని గూర్చి ప్రసంగము చేయమంటే మేము గంటసేపు చేయగలము. తప్పిపోయిన గొర్రె, దొడ్డి వాకిలి, కాపరి చేతికర్ర - ఈ మాటలు పలుకని సంవత్సరము మా పరిచర్యలో ఒక్కటి కూడ లేదు. డిప్లొమా చదువుకొనే దినములలో గొర్రెల గుణములను గూర్చి ఒక వ్యాసము వ్రాసి మంచి మార్కులు కూడ తెచ్చుకొన్నాము. అయితే, ప్రియ పాఠకులారా, ఒక గొర్రెపిల్ల మూతిని చేతితో పట్టుకొని దగ్గరగా చూచినది మా నలభయ్యవ ఏట. అది కూడ ఆలస్యముగా. ఆ ఆలస్యము వలన ఒక బీద ఇంటిలో నాలుగు గొర్రెపిల్లలు చనిపోయాయి. ఆ సంగతి దాచుకొనుటకంటె చెప్పుట మేలని, మరొక ఇంటికి ఆ నష్టము రాకూడదని, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము పుట్టినది సిరిసిల్లలో, సాంచెల చప్పుడు మధ్య. మా నాయనగారు రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి ఇంటికి వచ్చేవారు. నూలుపోగు తెగితే ఎక్కడ తెగినదో చూడకుండానే వ్రేలితో పట్టుకొనే మనిషి. గొర్రెలంటే మాకు తెలిసినది వేసవిలో మానేరు ఇసుక దాటుతూ దుమ్ము లేపుకొని పోయే మందలు మాత్రమే. తరువాత సేవ నిమిత్తము జగిత్యాల, కోరుట్ల ప్రాంతములకు వచ్చాము. ఇక్కడ పసుపు చేలు, వరి మళ్ళు, గల్ఫుకు పోయిన మగవారు, ఇంటి భారమంతా మోసే ఆడవారు. వారితోపాటు గొర్రెలు. కోత అయిన మడిలో మంద పెట్టించుకొని ఎరువు సంపాదించే రైతులు ఇప్పటికీ ఉన్నారు.

జగిత్యాలలో నేర్చుకొన్న సగము పాఠము

2016వ సంవత్సరములో జగిత్యాల దగ్గర ఒక సహోదరుని మందకు గజ్జి తగిలినది. ఆయనవి ఉన్ని ఉన్న నల్ల గొర్రెలు, దక్కని జాతివి. వీపు మీద, ప్రక్కల మీద ఉన్ని కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయి, క్రింద చర్మము పసుపు పచ్చని పొక్కు కట్టినది. రాళ్ళకు, ముళ్ళకంపకు ఒళ్ళు రుద్దుకొని రక్తము వచ్చేది. పశువైద్యుడు వచ్చినప్పుడు మేము అక్కడే ఉన్నాము. ఆయన ఒక గొర్రె వీపు మీద వ్రేలితో గీకారు. అది తల పైకెత్తి పెదవులు టపటప ఆడించినది. "చూశారా, దురద ఎంత ఉందో అదే చెబుతున్నది" అన్నారు. తరువాత పుండు అంచున బ్లేడుతో కొంచెము రక్తము చెమర్చేవరకు గీకి, ఆ పొట్టును చిన్న సీసాలో వేసుకొన్నారు. మరునాడు సూది మందు వేశారు. రెండు వారములకు మరల వేశారు. నెల తిరిగేసరికి మంద కోలుకొన్నది.

మేము ఇంటికి వచ్చి మా ఇంటివారితో గొప్పగా చెప్పుకొన్నాము. దురద అంటే గజ్జి, గజ్జి అంటే ఐవర్‌మెక్టిన్ - ఇంతే మా చదువు. డాక్టరుగారి సూదిని చూచాము గాని ఆయన బ్లేడును చూడలేదు. ఆ పొట్టును ఆయన సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, పురుగును కంటితో చూచి, ఆ తరువాతనే మందు ఎంచుకొన్నారని మా తలకు ఎక్కలేదు.

బండి దిగని కాపరి

2017 జూన్‌లో అప్పటి తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ పథకము మొదలుపెట్టినది. ఇరువది గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. అప్పటి ధర 1,25,000 రూపాయలు. అందులో 75 శాతము ప్రభుత్వము భరించగా, లబ్ధిదారుడు 31,250 రూపాయలు కట్టవలసి ఉండేది. ఆంధ్ర నుండి, కర్ణాటక నుండి, మహారాష్ట్ర నుండి లారీలలో గొర్రెలు వచ్చాయి. 2019 పశుగణనలో తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలు తేలాయి. దేశములో మొదటి స్థానము మనదే.

కోరుట్ల దగ్గర ఒక పల్లెలో మా సంఘపు సహోదరి ఇంటికి కూడ అట్టి యూనిట్ ఒకటి ఆమె మామగారి పేరిట వచ్చినది. భర్త గల్ఫులో ఉన్నాడు. మామగారు జీవితమంతా గొర్రెలు కాచిన మనిషి. అయితే అప్పటికే పక్షవాతము వచ్చి కుడి ప్రక్క పడిపోయినది, మాట పోయినది. వసారాలో నులక మంచము మీద ఉండేవారు. ఇద్దరు ఆడపిల్లలతో, మంచము పట్టిన మామతో ఆ సహోదరి మందను సాకుతూ వచ్చినది. 2018 చలికాలమునకు ఆ మందలో పదకొండు పిల్లలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఎదిగిన తరువాత అమ్మి పెద్దపిల్ల ఇంటర్ ఫీజు కట్టాలని ఆమె లెక్క వేసుకొన్నది.

క్రిస్మసుకు తొమ్మిది దినములు ఉన్నది. ఒక గ్రామము నుండి మరొక గ్రామమునకు మేము పరుగులు పెడుతున్నాము. దారిలో ఆమె కనిపించి, "అయ్యగారూ, పిల్లలు ఊకె గోకుతున్నయి. గోడకు రాస్తున్నయి, గుంజకు రాస్తున్నయి. గజ్జి వట్టిందేమో జర సూడుండ్రి" అన్నది. మేము బండి ఆపాము గాని దిగలేదు. దొడ్డి తడిక మీదుగా చూచాము. రెండు పిల్లలకు మెడ దగ్గర వెంట్రుకలు ఊడి ఉన్నాయి. మరి కొన్ని మూతిని గుంజకు రుద్దుతున్నాయి. "గజ్జేనమ్మా. జగిత్యాలలో చూశాము. సూది మందు వేయించు, మందు నీళ్ళతో కడిగించు, తగ్గిపోతుంది" అన్నాము.

వసారాలో ఉన్న తాతగారు ఎడమ చేయి ఎత్తి తన పెదవుల మీద కొట్టుకొన్నారు. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. "తాతకు దప్పిక అయినట్టుంది, నీళ్ళియ్యమ్మా" అన్నాము. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చినది. ఆయన ముఖము ప్రక్కకు త్రిప్పుకొన్నారు. జబ్బు మనిషి కదా, చిరాకు అనుకొన్నాము. బండి మీదనే ప్రార్థన చేసి వెళ్ళిపోయాము.

ఆమె మా మాట తు.చ. తప్పకుండ చేసినది. మందుల దుకాణములో సీసా కొనుక్కొని, ఊరిలో పశువులకు సూదులు వేసే అబ్బాయిని పిలిపించినది. అతడు తల్లి గొర్రెకు వేసిన కొలతే పిల్లకు కూడ వేశాడు. పొలము పనులు ముగించుకొని, డిసెంబరు నెల సాయంత్రము, పొద్దు గూకే వేళ, పదకొండు పిల్లలను మందు నీళ్ళలో ముంచి తీసినది. ఆ రాత్రి అవి వణుకుతూ ఒకదానిమీద ఒకటి పడుకొన్నాయట.

నాలుగు దినములకు ఫోను చేసినది. "పాలు తాగుతలేవు అయ్యగారూ. తల్లులు తన్నుతున్నయి." మందు వేడి చేసి ఉంటుంది, రెండు దినములు ఆగమన్నాము. ఎందుకు అన్నాము? మాకు తెలియదు కాబట్టి. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు కాబట్టి. క్రిస్మసు ముందటి దినము ఒక పిల్ల చనిపోయినది. క్రిస్మసు రాత్రి మరి రెండు. ఆ రాత్రి మా సంఘములో చిన్నపిల్లలు గొంగళ్ళు కప్పుకొని కాపరుల వేషము కట్టారు. ఆమె పిల్లలిద్దరూ రాలేదు.

డాక్టరు మొదట పట్టుకొన్నది

డిసెంబరు 26న మేమే పోయి ఒక పశువైద్యుని వెంటబెట్టుకొని వచ్చాము. యువకుడు. ఆయన బండి దిగి చెప్పులు విడిచి నేరుగా దొడ్డిలోనికి పోయి, ఒక పిల్లను కాళ్ళ మధ్య ఇరికించుకొని, మొట్టమొదట దాని మూతిని పట్టుకొన్నారు. క్రింది పెదవి మడిచి మాకు చూపించారు. పెదవుల మూలలలో, ముక్కు రంధ్రముల చుట్టు, నల్లగా గట్టిగా పేరుకొన్న చెక్కులు. చిగుళ్ళ మీద ఎర్రని పుండ్లు. ఆ నోటితో చన్ను పట్టుకొనుట ఎట్లు? తరువాత తల్లి గొర్రెను పట్టి పొదుగు చూపించారు. చన్నుల మీద కూడ అవే పుండ్లు. పిల్ల నోటి నుండి తల్లికి తగిలినది. నొప్పికి తల్లి తన్నుచున్నది. తన్నులకు పిల్ల ఆకలితో పడిపోవుచున్నది.

"ఇది గజ్జి కాదు పాస్టర్ గారూ, మూతి పుండ్ల వ్యాధి. వైరస్ వలన వచ్చేది. ఐవర్‌మెక్టిన్‌కు దీనికి సంబంధమే లేదు. మెడ మీద వెంట్రుకలు ఊడిన ఆ రెండింటికి మాత్రము పేలు ఉన్నాయి" అని వెంట్రుకలు విడదీసి, కదులుతున్న పేలను చూపించారు. కోపము లేకుండనే అన్నారు. అది మాకు మరింత భారమైనది.

మేము వసారా వైపు తిరిగి చూచాము. తాతగారు మంచము మీద నుండి మమ్మును చూస్తున్నారు. ఆయన ఎడమ చేయి మెల్లగా పైకి లేచి, పెదవుల మీద ఒకసారి తట్టి, దిగిపోయినది. ఆ దినము ఆయన అడిగినది నీళ్ళు కాదు. మూతి చూడమని చెప్పారు.

ఆ రాత్రి నాలుగవ పిల్ల కూడ చనిపోయినది. మిగిలిన ఏడింటిని డాక్టరుగారు చెప్పినట్లు ఆ సహోదరి బ్రతికించుకొన్నది. పొటాషియం పర్మాంగనేటు పలుచగా గులాబీ రంగు వచ్చేటట్లు నీళ్ళలో కలిపి మూతి కడుగుట, బోరిక్ పొడి కలిపిన గ్లిజరిన్ పుండ్లకు రాయుట, తల్లుల చన్నులకు కూడ అదే చేయుట. చన్ను పట్టలేని పిల్లలకు పాలు పితికి సీసాతో పట్టుట. ముళ్ళకంప, గట్టి చొప్ప మాని, మెత్తని ఆకు, జావ పెట్టుట. ముల్లు గుచ్చుకొన్న గాటు గుండానే ఆ వైరస్ లోపలికి పోతుందట. చీము పట్టకుండ అవసరమైన వాటికి డాక్టరుగారే సూది వేశారు. రాలిన చెక్కులను ఊడ్చి కాల్చివేయమన్నారు. ఎండిన చెక్కులో ఆ వైరస్ నెలల తరబడి బ్రతికి ఉండి, మరుసటి కాన్పు పిల్లలకు తగులుతుందని హెచ్చరించారు. మూడు నాలుగు వారములకు చెక్కులు రాలి, క్రింద లేత చర్మము వచ్చినది.

బొటనవ్రేలి సాక్ష్యము

ఆ వారము మేము ప్రతి దినము పోయి సీసాతో పాలు పట్టాము. చేతికి తొడుగు వేసుకోమని డాక్టరుగారు చెప్పారు. మేము ఆ మాట కూడ తేలికగా తీసుకొన్నాము. వారము తిరిగేసరికి మా కుడి చేతి బొటనవ్రేలి మీద ఎర్రని గడ్డ లేచి, మధ్యలో నీరు చేరినది. జగిత్యాలలో వైద్యునికి చూపించగా ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "గొర్రెపిల్ల మూతి పట్టుకొన్నారా?" ఇది గొర్రె నుండి మనిషికి తగులుతుంది. మనిషి నుండి మనిషికి తగులుట బహు అరుదు. దానంతట అదే మానుతుంది, కప్పి ఉంచండి అన్నారు. మానుటకు ఆరు వారములు పట్టినది.

జనవరి మొదటి ఆదివారము ప్రభువు బల్ల. కట్టు కట్టిన చేతితో రొట్టె విరుచుట తగదని పెద్దలలో ఒకరిని విరువమన్నాము. సంఘమంతా మా చేతి వైపు చూచినది. ఏమైనదని అడిగారు. చేయి తెగినదని చెప్పి ఊరుకొనవచ్చును. కాని ఆ సహోదరి మూడవ వరుసలో కూర్చొని ఉన్నది. చెప్పాము. బండి దిగలేదని, చూడకుండ మందు చెప్పామని, తెలియక పోయినా తెలిసినట్లు మాట్లాడామని, నాలుగు ప్రాణములు పోయాయని. ఆరాధన ముగిసిన తరువాత మా ఇంటివారు కూడబెట్టిన కొంత సొమ్ము ఆమె చేతిలో పెట్టబోయాము. ఆమె తీసుకోలేదు. "పైసలు వద్దు అయ్యగారూ. మల్ల వచ్చినప్పుడు బండి దిగి రాండ్రి" అన్నది. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఎక్కడ గోకుతున్నది?

ఆ తరువాత మేము కోరుట్ల పశువైద్య కళాశాలలో తెలిసినవారిని, పల్లెలలో పెద్ద కాపరులను అడిగి తెలుసుకొన్నవి, మందలు ఉన్న మన కుటుంబముల కొరకు ఇక్కడ వ్రాస్తున్నాము. పిల్ల గోకుతున్నదా అన్నది మొదటి ప్రశ్న కాదు. ఎక్కడ గోకుతున్నది అన్నది మొదటి ప్రశ్న.

మెడ, వీపు, ప్రక్కల మీద గోకుతూ వెంట్రుకలు రేగి ఉంటే, ఎండలో నిలబెట్టి వెంట్రుకలు విడదీసి చూడండి. పేలు కంటికి కనబడతాయి. చలికాలములో, బక్కపిల్లలలో ఎక్కువ. చెవుల లోపల, తోక క్రింద, తొడల సందున గోమార్లు పట్టుకొని ఉంటాయి. ఇవి రక్తము పీల్చుతాయి గనుక క్రింది కనురెప్ప మడిచి చూడండి. ఎర్రగా ఉండవలసినది తెల్లగా పాలిపోతే పిల్లకు రక్తము తగ్గినదని అర్థము.

గజ్జిలో రెండు విధములు ముఖ్యము. ఒకటి ముఖము, చెవులు, కళ్ళ చుట్టు మొదలై చర్మము మందముగా ముడతలు పడేది. ఈ పురుగు చర్మము లోపల సొరంగము త్రవ్వుకొంటుంది. రెండవది ఉన్ని ఉన్నచోట, వీపు మీద, ప్రక్కల మీద వచ్చేది. రెండును విపరీతమైన దురద గలవే. ఒకటి నుండి మరొకటికి ప్రాకుతాయి. మొదటిది మూతి దగ్గర కూడ రావచ్చు గనుక, కంటితో చూచి నిశ్చయించుట డాక్టరుకే కష్టము. అందుకే ఆ బ్లేడు, ఆ సూక్ష్మదర్శిని.

గుండ్రని మచ్చలు, బూడిద రంగు పొట్టు, దురద అంతగా లేకపోతే తామర కావచ్చును. ఇది కూడ మనుష్యులకు అంటుతుంది.

పెదవుల మూలలలో చెక్కులు కట్టి, పిల్ల పాలు మానితే మూతి పుండ్లు.

ఇక భయపడవలసినవి వేరు. ఒళ్ళు కాలే జ్వరముతో, ముక్కు కళ్ళ వెంట నీరు కారుతూ, చంకలలో, తొడల సందులలో, తోక క్రింద గట్టి బొబ్బలు లేస్తే అది బొబ్బ వ్యాధి. మన పల్లెలలో అమ్మతల్లి అంటారు. పిల్లలను తుడిచిపెట్టుకొని పోతుంది. నోటిలో పుండ్లతోపాటు జ్వరము, పారుడు కలిసి వస్తే పి.పి.ఆర్. వ్యాధి అని అనుమానించాలి. వానల తరువాత జ్వరము, మూతి వాపు, కుంటు కలిసి వస్తే నీలి నాలుక వ్యాధి. ఈ మూడింటిలో ఇంటి వైద్యము చేస్తూ ఒక్క పూట కూడ ఆగకూడదు. పశువుల దవాఖానకు వెంటనే కబురు చేయాలి. 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనములు మన రాష్ట్రములో 2017లోనే ప్రారంభమైనవి. బొబ్బ వ్యాధికి మూడు నెలలు నిండిన పిల్లలకు టీకా వేయించి, ఏటేటా మరల వేయించవలెను. వచ్చిన తరువాత ఏడ్చుటకంటె ఇది సులువు.

మందు సంగతి

ఐవర్‌మెక్టిన్ చెడ్డ మందు కాదు. దాని కథ వింటే ఆశ్చర్యము. జపాను దేశములో సతోషి ఒమురా అనే శాస్త్రజ్ఞుడు ఒక గోల్ఫ్ మైదానము దగ్గర తీసిన పిడికెడు మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికినది. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందము దాని నుండి వచ్చిన పదార్థము పశువుల పురుగులను చంపుతుందని కనుగొన్నది. 1981లో పశువుల మందుగా బజారుకు వచ్చినది. ఆఫ్రికాలో నది ఒడ్డున బ్రతికే బీదల కన్నులను తీసివేసే వ్యాధికి అదే మందు పనిచేయగా, 1987 నుండి ఆ కంపెనీ దానిని ఉచితముగా ఇచ్చుచున్నది. 2015లో ఆ ఇద్దరికి నోబెల్ బహుమానము వచ్చినది. ఇంత మంచి మందు కూడ తనది కాని జబ్బు దగ్గర మంచినీళ్ళతో సమానము.

దానికి కొలత ఉన్నది. సాధారణముగా ఒక శాతము మందు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు, చర్మము క్రింద. అంటే 5 కిలోల పిల్లకు మిల్లీలీటరులో పదవ వంతు మాత్రమే. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. పిల్లను త్రాసుతో తూచాలి. బాగా చిన్న పిల్లలకు డాక్టరు చెప్పనిదే వేయరాదు. ఈ మందు పురుగును చంపుతుంది గాని గ్రుడ్డును చంపదు. గ్రుడ్లు పొదిగి పిల్లలు బయటకు వచ్చిన తరువాత రెండవ సూది పడాలి. తగ్గినదని మొదటి సూదితో ఆపేవారు నెల తిరిగేసరికి మరల మొదటికే వస్తారు. మందు వేసిన గొర్రెను కోతకు అమ్ముటకు సీసా మీద వ్రాసిన గడువు ఉన్నది. అది కూడ పాటించవలెను. తినేవాడు కూడ మన పొరుగువాడే.

పేలకు, గోమార్లకు మందు స్నానము మంచిది. అయితే ఎండ ఉన్న ఉదయము చేయించి, మధ్యాహ్నమునకు ఒళ్ళు ఆరిపోవాలి. ముందుగా నీళ్ళు త్రాగించాలి, లేకపోతే దప్పికకు మందు నీళ్ళే త్రాగుతాయి. పుండ్లు ఉన్నవాటిని, జ్వరము ఉన్నవాటిని ముంచరాదు. పసుపు చేనుకు, పత్తి చేనుకు కొట్టే మందు ఎట్టి పరిస్థితిలోను గొర్రె ఒంటికి తగలనీయరాదు. ఈ ఒక్క తప్పుకు మందలు నేలకూలాయని కాపరులు మాకు చెప్పారు.

సిరిసిల్లలో మా నాయనగారి ఇంటి వెనుక ఒక కురుమ అవ్వ ఉండేది. ఉన్ని వడికేది. ఆమెను అడిగితే, కానుగ నూనెలో గంధకము కలిపి రాసేవారమని చెప్పినది. గంధకమునకు గజ్జి పురుగును చంపే గుణము ఉన్న మాట నిజమేనని డాక్టరు కూడ అన్నారు. కొద్దిచోట ఉన్నప్పుడు పనికివస్తుంది, మందంతటికి ప్రాకిన తరువాత చాలదు. ఆ అవ్వ మాటలలో మాకు నూనెకంటె ఎక్కువ నచ్చినది వేరొకటి. "మేము పొద్దుగాల దొడ్డి ఇడిసేటప్పుడు ఒక్కొక్క పిల్లను చేతితోని పట్టి ఇడుస్తుంటిమి బిడ్డా. మూతి, చెవి, తోక. మూడు సూడందే ఇడువకపోతుంటిమి." మూడు చోట్లు. ఒక్కొక్క పిల్లకు అర నిమిషము.

ఏడు దినములు

లేవీయకాండము పదమూడవ అధ్యాయము మేము ఎన్నోసార్లు గబగబ చదివి దాటిపోయినదే. చర్మము మీద మచ్చ కనిపించిన మనిషిని యాజకుడు చూడాలి. దగ్గర నుండి, వెంట్రుక రంగు, మచ్చ లోతు కూడ చూడాలి. తెలియకపోతే తీర్పు చెప్పకూడదు. ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి మరల చూడాలి. అప్పటికీ తెలియకపోతే మరి ఏడు దినములు. తెలియదని ఒప్పుకొనుటకు ధర్మశాస్త్రమే యాజకునికి చోటు ఇచ్చినది. మేము మాత్రము బండి మీద నుండి అర నిమిషములో తీర్పు చెప్పాము.

ఆ పద్ధతి గొర్రెల దొడ్డికి కూడ సరిపోతుంది. క్రొత్తగా కొన్న గొర్రెను నేరుగా మందలో కలుపక కొన్ని దినములు వేరుగా కట్టి చూడండి. గోకుతున్న పిల్లను తల్లితో కూడ వేరుచేయండి. దొడ్డిలో పాత చెత్త తీసి కాల్చి, గోడలకు సున్నము కొట్టండి. ఒంటి నుండి రాలిన గజ్జి పురుగు రెండు మూడు వారముల వరకు గుంజలను, గోడలను పట్టుకొని ఉండగలదు. మందును బాగుచేసి దొడ్డిని విడిచిపెడితే చేసినదంతా వృథా.

ఆ సహోదరి ఇంటికి మేము ఇప్పటికీ పోతాము. ఆ ఏడు పిల్లలలో ఆడవి పెరిగి, ఈని, వాటి పిల్లలు కూడ ఈనాయి. తాతగారు 2021లో ప్రభువునందు నిద్రించారు. అంతకు ముందు రెండేండ్లు మేము పోయినప్పుడెల్లా ఆయన మంచము ప్రక్కన కూర్చొని, ఒక పిల్లను ఒడిలోనికి తీసుకొని ఎదుట పట్టుకొనేవారము. ఆయన ఎడమ చేతితో దాని మూతి తడిమి, చెవి మడిచి, తోక ఎత్తి, మీసాల క్రింద ఒక ప్రక్కగా నవ్వేవారు. బాగున్నదని అర్థము. నవ్వకపోతే డాక్టరుకు ఫోను చేసేవారము. ఆయన నవ్వని దినములలో ఒక్కసారి కూడ ఆయన తప్పు కాలేదు.

ఇప్పుడు ఎవరైనా దారిలో ఆపి, "అయ్యగారూ, ఇంట్ల బాగలేదు" అంటే, జవాబు మా నోటి చివరికి వచ్చి ఉంటుంది. ముందు బండికి స్టాండు వేస్తాము.